మీకు తెలుసా? సిగరెట్ పోటీలో నిలిచిన రాక్ సంగీతం

భారతదేశపు తొలినాటి గ్యారేజ్ రాక్‌కు ముఖ్య సాక్ష్యాలుగా నిలిచిన ‘సిమ్లా బీట్ 70’, ‘సిమ్లా బీట్ 71’ అనే రెండు ఎల్పీ రికార్డులు, సిమ్లా అనే సిగరెట్ ప్రచారానికి పెట్టిన సంగీతపోటీ నుంచి పుట్టినవే.

• గ్యారేజ్ రాక్ అంటే 1960లలో అమెరికాలో ఇళ్ల కారుషెడ్లలో సాధన చేసిన కుర్రకారు బృందాల వల్ల ఆ పేరు స్థిరపడిన, మెరుగులు దిద్దని గిటార్ సంగీతం. తీగ నాదాన్ని కావాలనే బరకగా మార్చే ‘ఫజ్’ అనే పరికరం దాని గుర్తుల్లో ఒకటి.

• పోటీని నిర్వహించిన ఇంపీరియల్ టొబాకో, అంటే 1974 నుంచి ఐటీసీగా పేరు మారిన సంస్థ, పొగాకు సేకరణ కోసం 1912లోనే గుంటూరు జిల్లాలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీని నెలకొల్పింది కనుక, ఈ చరిత్రలో తెలుగునేలకూ ఒక కొస తగులుతుంది.

• షిల్లాంగ్ ఫెంటోన్స్, మద్రాసు కన్ఫ్యూజన్స్, కలకత్తా గ్రేట్ బేర్ వంటి బృందాలు ఈ రికార్డుల్లో ఇంగ్లిషులోనే పాడాయి; క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వంటి అమెరికన్ బృందాల పాటల పక్కనే సొంత రచనలూ చోటుచేసుకున్నాయి.

• సినిమాపాటదే రాజ్యమైన ఆ కాలంలో, సినిమాతో సంబంధం లేని కుర్రాళ్ల గొంతులను పదిలపరిచినందున, ఈ రెండు రికార్డులు భారతీయ సంగీతచరిత్రలో శ్రద్ధగా భద్రపరచవలసిన ఆధారాలు.