బాలింత ప్రశ్నలు – ఇంటివారి బాధ్యతలు

గత వేసవిలో మా మద్రసాలో చదివే ఒక బాలిక, నోటు పుస్తకంలోంచి చించి మడతపెట్టిన కాగితం తెచ్చి మా చేతికిచ్చింది. తొలి కాన్పుకు ధవళేశ్వరంలోని పుట్టింటికి వచ్చిన ఆమె అక్క రాసి పంపిన ప్రశ్నలవి. బిడ్డకు అప్పటికి నెల రోజులు. చివరి ప్రశ్న ఇది: "నాకు పాలు చాలడం లేదని అందరూ అంటున్నారు. డబ్బా పాలు పడుతున్నాం. అల్లాహ్ దీని గురించి నన్ను నిలదీస్తాడా?"

ఇటువంటి ప్రశ్నలు మాకు తరచుగా వస్తుంటాయి. వైద్యానికి సంబంధించినవి వైద్యులను అడిగి, ధర్మానికి సంబంధించినవి గ్రంథాల్లో చూసి ఇచ్చిన సమాధానాలను ఇక్కడ పొందుపరుస్తున్నాం.

పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

బిడ్డ ఏడుపు ఒక్కటే దీనికి కొలమానం కాదు. మొదటి వారం దాటిన శిశువు రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టేనని వైద్యులు చెబుతారు. బిడ్డ ఎంత ఎక్కువగా తాగితే పాలు అంతగా ఊరుతాయి. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ తల్లి దగ్గర తక్కువ తాగుతాడు, దానితో తల్లికి పాలు మరింత తగ్గుతాయి. శిశువుల పాలడబ్బాల ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. అయినా ఇంట్లో పెద్దవాళ్ల నోటిమాటే చాలాసార్లు డబ్బాకు ప్రచారమవుతోంది. వైద్యులు అవసరమని చెప్పి డబ్బా పాలు పట్టిస్తే మాత్రం అందులో పాపమేమీ లేదు.

ముర్రుపాలు, తేనె, నీళ్లు

తొలి రోజుల్లో వచ్చే చిక్కని పసుపుపచ్చని పాలను పిండి పారబోయరాదు. వ్యాధులను ఎదుర్కొనే శక్తి బిడ్డకు అందులోనే ఉంటుంది. పుట్టిన గంటలోపే పాలు పట్టడం మేలు. తహ్నీక్ సున్నతే, అయితే అది ముర్రుపాలకు బదులు కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వవద్దని వైద్యులు గట్టిగా హెచ్చరిస్తున్నారు. రోహిణి కార్తె ఎండల్లోనైనా ఆరు నెలల వరకు వేరే నీళ్లు పట్టనక్కర లేదు. తల్లిపాలలో అధికభాగం నీరే. నీళ్లు తాగవలసింది తల్లి. బాలింతకు పథ్యం పేరిట నీళ్లు, కూరలు తగ్గించడం ఆమెకూ బిడ్డకూ అన్యాయం.

నమాజు, రోజా

పాలు కారినంత మాత్రాన వుజూ భంగం కాదు. రోజా వల్ల తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయముంటే తల్లి రోజా మానవచ్చు. హనఫీ మస్లక్ ప్రకారం తరువాత ఖజా చేస్తే చాలు. పాలిచ్చే స్త్రీకి ఈ సడలింపు ఇచ్చినవాడు అల్లాహ్. ఇంటివారు ఆమెను వేలెత్తి చూపరాదు.

ఎంతకాలం?

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 233వ ఆయత్ పూర్తి రెండేళ్ల గడువును పేర్కొన్నది. భార్యాభర్తలిద్దరూ సంప్రదించుకుని, ఇష్టపూర్వకంగా ముందే మాన్పించినా దోషం లేదన్నది. అబ్బాయికొక గడువు, అమ్మాయికొక గడువు అని కొన్ని ఇళ్లలో వినిపించే మాటకు షరీఅత్‌లో ఆధారం లేదు.

ఖర్చు ఎవరిది?

ఈ ప్రశ్న కాగితంలో లేదు. అయినా అదే ఆయత్ దీనికి కూడా సమాధానమిస్తోంది. పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారాన్ని అది బిడ్డ తండ్రి మీద ఉంచింది. బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టకూడదన్నది. తొలి కాన్పు ఖర్చంతా పుట్టింటివారిదేనన్న ఆచారం మన ఇళ్లలోనూ పాతుకుపోయింది. అల్లుడు ఆదివారం వచ్చి, బిడ్డను ఎత్తుకుని, భోంచేసి వెళతాడు. బాలింత తింటున్నదా, నిద్రపోతున్నదా అని అడగడు. చూడవచ్చినవారు ముందు గదిలో గంటలకొద్దీ కూర్చుంటే ఆమె బిడ్డకు పాలిచ్చేందుకు చాటు వెతుక్కుంటుంది. ఆపైన పాలు లేవన్న నింద కూడా ఆమెదే!

హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వెలుపల దిగిన వర్తక బృందానికి కాపలా కాస్తున్నారు. ఒక పసివాడు ఏడుస్తున్నాడు. ఆయన వెళ్లి బిడ్డను ఊరడించమని తల్లికి చెప్పి వచ్చారు. ఏడుపు ఆగలేదు. మళ్లీ వెళ్లారు. మూడోసారి ఆమెను మందలించారు కూడా. తనతో మాట్లాడుతున్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తున్నాడు, అందుకే తొందరగా మాన్పిస్తున్నానని చెప్పింది. ఆ తెల్లవారి ఫజ్ర్ నమాజులో ఆయన ఖిరాఅత్ కన్నీళ్ల వల్ల జనానికి స్పష్టంగా వినిపించలేదు. నమాజు ముగియగానే, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందని, పిల్లలను తొందరపడి పాలు మాన్పించవద్దని చాటింపు వేయించారు. మూడుసార్లు తల్లిని తప్పుపట్టిన ఆయన, కారణం తెలియగానే తన ఉత్తర్వునే మార్చుకున్నారు.

ఆ సోదరికి మేము రాసిన జవాబు ఇంతే: "మీరు అపరాధి కారు. డాక్టరుకు చూపించండి, బిడ్డను తరచుగా పాలకు పట్టండి, మీరు కడుపునిండా తినండి." ఆ జవాబుకు మరో ప్రతి రాసి, 233వ ఆయత్ అనువాదాన్ని జతచేసి, ఆ బాలిక చేతనే వాళ్ల బావగారికి అందజేయించాం.

ఈ పుట చదివిన సోదరీమణులు దీన్ని ఇంట్లోని మగవారి చేతికి కూడా ఇవ్వాలని మనవి. అల్లాహ్ మన తల్లులకు ఆరోగ్యాన్ని, మనకు వారి హక్కులు నెరవేర్చే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.