స్టైరీన్: నిలువలో పొంచియున్న నిప్పు

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి వెలువడిన ఆవిరి పన్నెండు మంది ప్రాణాలను బలిగొన్నది. ఆ ఆవిరి పేరు స్టైరీన్. ఖతార్‌లోని తెలుగువారికి ఇది దూరపు వస్తువేమీ కాదు. గల్ఫ్ దేశాలలో మేడలపై కనబడే ఫైబర్‌గ్లాస్ నీటి తొట్లు, పడవల తయారీకి వాడే పాలియెస్టర్ రెజిన్‌లో సాధారణంగా మూడవ వంతుకు పైగా స్టైరీనే ఉంటుంది.

ఎనిమిది కార్బన్, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు గల ఈ ద్రవానికి రంగు లేదు. తీపి కలసిన ఘాటు వాసన ఉన్నది. 145 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. అయితే 31 డిగ్రీలకే దీని ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకొనగలదు. ఖతార్ వేసవిలో నీడపట్టున సైతం అంతకు మించిన వేడి ఉంటుంది.

దీని అసలు ప్రమాదం దాని స్వభావంలోనే ఉన్నది. 1839లో జర్మన్ ఔషధకారుడు ఎడ్వర్డ్ సైమన్ ఒక చెట్టుబంక నుండి ఈ ద్రవాన్ని బట్టీపట్టి తీశాడు. కొన్ని నెలలకు అది తనంత తానే జిగురువలె గట్టిపడింది. గాలి సోకి మారినదని ఆయన భావించాడు. నిజానికి అణువులు ఒకదానితో నొకటి గొలుసుగా కలియుటే అందుకు కారణమని 1920వ దశకంలో హెర్మన్ స్టాడింగర్ వివరించాడు. ఈ చర్యలో వేడి పుడుతుంది; ఆ వేడి చర్యను మరింత వేగిరపరుస్తుంది. సీసాలో జిగురైనది పెద్ద ట్యాంకులో ఉప్పెన కాగలదు.

దీనిని అడ్డగించుటకు టెర్షియరీ బ్యుటైల్ కాటికాల్ అనే నిరోధకాన్ని పదిలక్షల పాళ్ళకు సుమారు 10 నుండి 15 పాళ్ళ చొప్పున కలుపుతారు. ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగియున్నగాని అది పనిచేయదు. కాలం గడచిన కొద్దీ, వేడి పెరిగిన కొద్దీ తరిగిపోతుంది. లాక్‌డౌన్‌లో కర్మాగారం మూతపడినా విశాఖ ట్యాంకులోని రసాయనానికి విరామం లేదు. శీతలీకరణ, నిరోధకాల విషయంలో జరిగిన లోపాలను రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఎత్తిచూపింది.

డబ్బాపై సి.ఎ.ఎస్. సంఖ్య 100-42-5, యు.ఎన్. సంఖ్య 2055 ఉన్నచో అది స్టైరీన్. అతి స్వల్ప మోతాదులోనే వాసన తెలిసినా, ముక్కు త్వరలోనే అలవాటుపడుతుంది గనుక వాసన తగ్గినంత మాత్రాన ప్రమాదం తొలగినట్లు కాదు. కళ్ళమంట, దగ్గు, తలతిరుగుడు తొలి లక్షణాలు. శరీరంలో ఇది మాండెలిక్ ఆమ్లంగా మారుతుంది. కార్మికుల మూత్రంలో దానిని కొలిచి ఎంత సోకినదో వైద్యులు అంచనా వేస్తారు. 2018లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్టైరీన్‌ను మానవులకు బహుశా క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది.

స్టైరీన్ ఆవిరి గాలికంటే సుమారు మూడున్నర రెట్లు బరువు. అది పల్లానికి పారుతుంది. లీకు జరిగినపుడు గాలివాలుకు అడ్డంగా, మెరక దిక్కుకు తొలగిపోవాలి. కళ్ళను మంచినీటితో కడగాలి. ఖతార్‌లోనైతే 999కు ఫోన్ చేయాలి. రెజిన్ డ్రమ్ములను ఎండలో నిలువ ఉంచరాదు; గడువు తీరినవాటిని వాడరాదు. వేడెక్కిన డ్రమ్మును సమీపించరాదు.

యంత్రాలు ఆగినంత మాత్రాన రసాయనం ఆగదు. విశాఖ నేర్పిన ఈ పాఠం ఎండలు మండే ఎడారి నేలపై పనిచేసేవారికి మరింత అవసరం.