విద్యుత్‌ కంప్యూటర్లలో చొరబడితే శిక్ష ఎంత?

2019 ఏప్రిల్‌ నెలాఖరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ విద్యుత్‌ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఒక్కసారిగా స్తంభించాయి. సమాచారానికి తాళం వేసి, సొమ్ము చెల్లిస్తేనే తీస్తామని బెదిరించే ర్యాన్‌సమ్‌వేర్‌ ఇందుకు కారణం. ఆన్‌లైన్‌లో బిల్లు కట్టేవారు ఇబ్బంది పడ్డారు గానీ, కరెంటు ఆగలేదు. బిల్లుల కంప్యూటర్లు వేరు, సరఫరాను నియంత్రించేవి వేరు.

ఉక్రెయిన్‌లో 2015 డిసెంబరు 23న హ్యాకర్లు ఆ రెండో రకం కంప్యూటర్లనే చేజిక్కించుకున్నారు. ఉద్యోగి కళ్లెదుటే తెరపై మౌస్‌ గుర్తు తనంతట తాను కదులుతూ సబ్‌స్టేషన్ల బ్రేకర్లను ఆపేసింది. సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు గంటల తరబడి సరఫరా నిలిచిపోయింది. చివరకు సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేతులతో బ్రేకర్లు వేయాల్సి వచ్చింది.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో ఇటువంటి నేరాలకు ఐటీ చట్టం-2000 వర్తిస్తుంది. 2008లో చేసిన సవరణలు 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చాయి. మోసపూరితంగా ఏ కంప్యూటర్‌లో చొరబడినా సెక్షన్‌ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అదే కంప్యూటర్‌ను ప్రభుత్వం 'రక్షిత వ్యవస్థ'గా ప్రకటించి ఉంటే సెక్షన్‌ 70 వర్తిస్తుంది. అనుమతి లేకుండా అందులోకి ప్రవేశించడానికి ప్రయత్నించినా పదేళ్ల వరకు జైలు, జరిమానా తప్పవు.

మెలిక ఇక్కడే ఉంది. విద్యుత్‌ సంస్థది అయినంత మాత్రాన ఏ కంప్యూటరూ రక్షిత వ్యవస్థ కాబోదు. కేంద్రమో, రాష్ట్రమో గెజిట్‌లో నోటిఫికేషన్‌ ఇవ్వాలి. అది లేకుంటే సబ్‌స్టేషన్‌ను నడిపే యంత్రానికీ, వీధి చివరి జిరాక్స్‌ దుకాణంలోని కంప్యూటర్‌కూ సెక్షన్‌ 66 ఒక్కటే దిక్కు. సైబర్‌ ఉగ్రవాదానికి సంబంధించిన సెక్షన్‌ 66ఎఫ్‌ కింద యావజ్జీవం వరకు శిక్ష ఉన్నా, దేశ భద్రతకు ముప్పు తెచ్చే లేదా ప్రజలను భయభ్రాంతులకు గురిచేసే ఉద్దేశాన్ని నిరూపించాలి. డబ్బు కోసమే తాళం వేసిన ముఠా విషయంలో ఇది తేలిక కాదు.

నేరస్థుడు విదేశాల్లో ఉన్నా, దాడికి గురైన కంప్యూటర్‌ భారత్‌లో ఉంటే సెక్షన్‌ 75 ప్రకారం కేసు పెట్టవచ్చు. అతణ్ని రప్పించడమే అసలు చిక్కు. అందుకే ఆధారాలు చెరిగిపోకముందే స్పందించేలా, ఇటువంటి దాడులు గుర్తించిన ఆరు గంటల్లోగా సెర్ట్‌-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్‌ 28న ఆదేశాలు వెలువడ్డాయి.

వినియోగదారుల ఫోన్లకు వచ్చే 'ఈ రాత్రికి మీ కరెంటు కట్‌' అనే బూటకపు సందేశాల సంగతి వేరు. ఇతరుల పేరుతో మోసగించినందుకు వాటికి సెక్షన్‌ 66డి వర్తిస్తుంది. సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్‌ చేయాలి.