ముప్పై నిమిషాలకు ఒక్క సెకను తక్కువ

కొన్నేళ్ల కిందట మెట్‌పల్లిలో ఒక అష్టావధానం జరిగింది. వేదిక మీద అవధాని, ఎదురుగా ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు, హాలు చివర స్టాండు మీద నా కెమెరా. ఫొటోల కోసం కొన్నదే. వీడియో కూడా బాగా వస్తుందని పెట్టాను. మొదటి ఆవృత్తి అయింది, రెండోది నడుస్తోంది. సమస్య పద్యానికి రెండో పాదం చెప్పి అవధాని దత్తపది ఇచ్చిన పృచ్ఛకుడి వైపు తిరిగారు. నేనూ సభలో ఒకడినై వింటున్నాను. ఎప్పుడో కెమెరా తెర వైపు చూస్తే రికార్డింగ్ ఎర్రచుక్క లేదు. వెంటనే మళ్లీ నొక్కాను. ఇంటికొచ్చి చూసుకుంటే మొదటి ఫైలు నిడివి 29 నిమిషాల 59 సెకన్లు. ఆ తర్వాతి పదకొండు నిమిషాలు లేనే లేవు.

పద్యాలు దక్కాయి. అవధానం చివర ధారణ ఉంటుంది కాబట్టి, ఆవృత్తికో పాదం చొప్పున చెప్పిన పద్యాలన్నీ అవధాని మళ్లీ ఏకబిగిన అప్పగించారు. దక్కనివి అప్రస్తుత ప్రసంగంలోని జవాబులు. ఏకాగ్రత చెడగొట్టడానికి వేసిన అడ్డు ప్రశ్నకు అప్పటికప్పుడు పుట్టిన జవాబు ధారణలోకి రాదు. ప్రశ్న వేసిన రిటైర్డ్ తెలుగు సారు వారం తర్వాత కలిసి, "నేనడిగింది నాకు యాదికున్నది తమ్మీ, ఆయన చెప్పిందే యాదికొస్తలేదు. నీ దాంట్ల ఉన్నదా?" అన్నారు. లేదు సార్ అనడానికి నోరు రాలేదు.

మెట్‌పల్లి, కోరుట్ల, ధర్మపురి చుట్టుపక్కల ఇప్పుడు ప్రవచనాలు, హరికథలు, పదవీ విరమణ సభలు, పసుపు రైతుల సదస్సులు అన్నీ ఇలాంటి ఫొటో కెమెరాలతోనే తీస్తున్నారు. వాటి గురించి వీడియోలు తీసే మాలో తిరిగే మాటల్లో చాలావరకు తప్పు. ఒకప్పుడు నేనూ వాటిని నమ్మినవాడినే.

అపోహ: అర్ధగంటకు బందైందంటే కెమెరాలో ఏదో లోపం ఉన్నట్టే.

లోపం కాదు, అది పన్ను లెక్క. యూరప్‌లో ఫొటో కెమెరాకు దిగుమతి సుంకం లేదు, వీడియో కెమెరాకు ఉండేది. ఒక కెమెరా చెప్పుకోదగ్గ నాణ్యతతో ముప్పై నిమిషాలు, అంతకు మించి ఆగకుండా రికార్డు చేయగలిగితే దాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టేవారు. అందుకే కంపెనీలు ముప్పైకి ఒక్క సెకను ముందు గీత గీశాయి. చాలా కంపెనీలు అదే పరిమితిని మిగతా దేశాలకు పంపే కెమెరాల్లోనూ ఉంచాయి. ఆ గీత మెట్‌పల్లి ఫంక్షన్ హాలు దాకా వచ్చి మన అవధానాన్ని కోసింది. 2015 డిసెంబరులో నైరోబీలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాల్లో కొన్ని 201 రకాల సాంకేతిక వస్తువుల మీద సుంకాలు ఎత్తివేయడానికి ఒప్పుకున్నాయి. వాటిలో వీడియో కెమెరాలూ ఉన్నాయి. ఆ తర్వాత గీత మెల్లగా చెరిగిపోతూ వచ్చింది. 2017లో వచ్చిన పానాసోనిక్ జీహెచ్5, 2021లో వచ్చిన సోనీ ఏ7 ఫోర్ గంటల తరబడి ఆగవు.

మన దగ్గర తిరిగేవి ఎక్కువగా పాత కెమెరాలు, సెకండ్ హ్యాండువి. వాటిని పారేయక్కర్లేదు. ఆగిన మరుక్షణం బటన్ నొక్కితే మళ్లీ మొదలవుతుంది. ఫోన్‌లో 25 నిమిషాలకు అలారం పెట్టుకుని, వక్త నీళ్లు తాగేటప్పుడో, సభ చప్పట్లు కొట్టేటప్పుడో మనమే ఆపి మళ్లీ నొక్కితే ఒక్క మాట పోదు. తెర మీది అంకెలు, గుర్తులు లేకుండా హెచ్‌డీఎంఐ ద్వారా బొమ్మ ఇచ్చే కెమెరా అయితే, క్యాప్చర్ కార్డుతో ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకోవచ్చు. అప్పుడు ముప్పై నిమిషాల గీత వర్తించదు. కొన్ని మోడళ్లు అలా కూడా కొంతసేపటికి వాటంతటవే నిద్రలోకి పోతాయి. ఇంట్లో ఒక పూట నడిపి చూసుకోవాలి.

అపోహ: పన్నెండు నిమిషాలకే ఆగినా అదే కారణం.

అది వేరే కథ. 2008లో వీడియోతో వచ్చిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ నికాన్ డీ90 హెచ్‌డీలో ఒక విడతకు ఐదు నిమిషాలే తీసేది. అదే ఏడు వచ్చిన కెనాన్ 5డీ మార్క్ టూ సుమారు పన్నెండు నిమిషాలకు ఆగేది. దాన్ని ఆపింది 4 జీబీ హద్దు: ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులో అంతకన్నా పెద్ద ఫైలు కుదరదు. తర్వాతి కెమెరాలు 4 జీబీ నిండగానే ఆగకుండా కొత్త ఫైలు తెరుస్తాయి. అతుకు దగ్గర మాట పోతోందా అన్న అనుమానం ఉంటే, కెమెరా ముందు కూర్చుని ఒకటి నుంచి వరసగా లెక్కబెడుతూ పోండి. ఫైళ్లు కలిపాక ఏ అంకె అయినా తెగిందో లేదో వినబడుతుంది.

అపోహ: పెద్ద కంపెనీ కెమెరా వేడెక్కదు.

2020లో కెనాన్ ఆర్5 వచ్చినప్పుడు, 8కేలో 23 డిగ్రీల గదిలో ఇరవై నిమిషాల దాకా తీయొచ్చని కంపెనీయే చెప్పింది. మే నెలలో మన జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటుతుంది, పైగా హాళ్లకు రేకుల కప్పులు. అయితే వేడెక్కించేది ముఖ్యంగా పెద్ద సైజు బొమ్మ. ప్రవచనానికి 1080 చాలు. ఆ సైజులో అదే కెమెరాకు ఈ బాధ చాలా తక్కువ. తెరను వీపుకు ఆనించకుండా బయటికి తిప్పి ఉంచండి. దుమ్ము పడుతుందని కెమెరా మీద తువ్వాలు కప్పేవాళ్లను చూశాను, దయచేసి కప్పకండి.

అపోహ: వీడియో తీస్తే షట్టర్ అరిగిపోతుంది.

అరగదు. అద్దం ఒకసారి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, ఆపేదాకా అలాగే ఉంటుంది. మూడు గంటల హరికథ కన్నా ఒక పెళ్లిలో తీసే ఫొటోలకే షట్టర్ ఎన్నో రెట్లు ఎక్కువ పనిచేస్తుంది.

అపోహ: గింత పెద్ద కెమెరా ఉన్నంక వేరే మైకెందుకు?

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. నోటి నుంచి దూరం రెట్టింపయిన కొద్దీ నేరుగా చేరే శబ్దశక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే గోల మాత్రం అంతే ఉంటుంది. హాలు చివరి కెమెరాకు చేరేది సగం గొంతు, సగం ఫ్యాన్లు. కెమెరా శబ్దాన్ని ఆటోలో వదిలేస్తే ఇంకా ఘోరం. వక్త శ్లోకం చదివి ఒక్క క్షణం ఆగాడనుకోండి, నిశ్శబ్దాన్ని చూసి కెమెరా తనంతట తానే శబ్దం పెంచుతుంది, ఫ్యాన్ల హోరు ముందుకొస్తుంది. ఆయన మళ్లీ నోరు తెరిస్తే మొదటి మాట పగులుతుంది. గంటసేపు ఇదే తంతు.

పసుపు రైతుల సదస్సులో దుంపకుళ్లుకు ఏ మందు, లీటరు నీటికి ఎన్ని గ్రాములు అని శాస్త్రవేత్త చెబుతాడు. ఆ వీడియో రైతు పొలం గట్టు మీద ఫోన్‌లో వింటాడు. బొమ్మ మసకగా ఉన్నా నష్టం లేదు. 'మూడు' అన్నది 'నూరు'లా వినబడితే నష్టమే.

ఈ శబ్దం తిప్పలకు విరుగుడు తేలికే. వక్త చొక్కాకు కాలర్ మైకు పెట్టి, దాన్ని జేబులోని ఫోన్‌కు తగిలించి, ఫ్లైట్ మోడ్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. మైక్‌సెట్ మిక్సర్ నుంచి కూడా తీసుకోవచ్చు. కానీ ఆ వైరును నేరుగా కెమెరా మైకు రంధ్రంలో గుచ్చితే గొంతు బొంగురుపోతుంది. మిక్సర్ ఇచ్చే సంకేతం మైకు ఇచ్చేదానికన్నా ఎన్నో రెట్లు బలమైనది. దాన్ని తగ్గించే కేబుల్ దొరుకుతుంది, అది వాడాలి. వేరుగా రికార్డు చేసిన శబ్దాన్ని కలపడానికి మొదట్లో ఒక చప్పట్ల గుర్తు చాలనుకుంటారు. చాలదు. రెండు పరికరాల గడియారాలు అణువంత తేడాతో నడుస్తాయి, గంటన్నర గడిచేసరికి పెదవికీ మాటకూ పొంతన తప్పొచ్చు. చివర్లో ఇంకోసారి చప్పట్లు కొట్టి రెండు కొసలూ కలుపుకోవాలి.

కార్డు లెక్క కూడా నోటితోనే వేసుకోవచ్చు. సెకనుకు 50 మెగాబిట్లంటే గంటకు 22.5 జీబీ. మూడు గంటల అవధానానికి 67.5. అంటే 64 జీబీ కార్డు ధారణ దగ్గరే చేతులెత్తేస్తుంది, అన్నిటికన్నా కావలసిన చోట. 4కేలో 100 మెగాబిట్లయితే దీనికి రెట్టింపు. బ్యాటరీ మార్చే పని లేకుండా డమ్మీ బ్యాటరీతో కరెంటుకు తగిలిస్తే మేలు, అయితే మధ్యలో యూపీఎస్ ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైట్లు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం యాభయ్యో వంతులో ఉంచితే బొమ్మ మీద పట్టీలు పాకవు. అరవయ్యో వంతులో పెట్టి, లైట్లు బాలేవని హాలువాళ్లతో కొట్లాడినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అవధానానికి వెళితే కెమెరా బిగించకముందే మైకులు సర్దుతాను. ఒకటి అవధానికి. రెండోది అప్రస్తుత ప్రసంగం అడిగే సారు ముందు.