ఖాకీ విప్పిన తర్వాత: పోలీసు ఉద్యోగ విరమణకు పాదాంశిక క్రమం

వెళ్లే ఋతువులోని చివరి 7 రోజులను, వచ్చే ఋతువులోని మొదటి 7 రోజులను కలిపి మన శాస్త్రం ఋతుసంధి అన్నది. ఆ పద్నాలుగు రోజులలో పాత ఆహార విహారాలను మెల్లగా విడుస్తూ, కొత్తవాటిని మెల్లగా అలవరచుకోవాలని వాగ్భటాచార్యులు విధించారు. రెండు నెలల ఋతువు మారితేనే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, ముప్పై అయిదేళ్ల ఉద్యోగం ఒక నెలాఖరు సాయంత్రం పూలదండతో ముగిసిపోతే శరీరం ఎంత తడబడుతుందో పాఠకులు ఊహించవచ్చు. ఉద్యోగ విరమణ రోగం కాదు. అదొక సంధికాలం. సంధిని దాటడం తెలియనప్పుడే రోగం ప్రవేశిస్తుంది.

నా వైద్యశాల విశాఖలోని ఆటోనగర్‌లో ఉన్నది. ఒకవైపు ఉక్కు కర్మాగారం, మరొకవైపు ఓడరేవు, చుట్టూ లారీ షెడ్లు, వర్క్‌షాపులు. ఏ, బి, సి షిఫ్టుల భాష ఇక్కడి గృహిణులందరికీ తెలిసినదే. రాష్ట్ర పోలీసుశాఖలో పనిచేసినవారు, కర్మాగారానికి కాపలా కాసిన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంవారు విరమణ తర్వాత చికిత్సకు వస్తుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరిగింది. పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించినది 2019లో. అంటే నేడు విరమణ పొందుతున్నవారు తమ సర్వీసులో అధికభాగం ఆ సెలవు ఎరుగకుండానే గడిపారు.

ఉద్యోగం దేహంలో మిగిల్చేది ఏమి?

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడూ దేహానికి ఉపస్తంభాలని చరకాచార్యులు చెప్పారు. పోలీసు ఉద్యోగంలో మొదటి రెండు స్తంభాలూ కదిలిపోతాయి.

రాత్రి జాగరణ రూక్షతను పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. దానికి బదులు పగలు పడుకుంటే స్నిగ్ధత పెరిగి కఫం వృద్ధి చెందుతుంది. కనుక పగటి నిద్ర రాత్రి నిద్రకు పూర్తిగా సమానం కాదు. శరీరంలో గడియారం వంటి వ్యవస్థ ఒకటి ఉన్నదనీ, రాత్రి పనులు దానిని చెదరగొడతాయనీ నేటి వైద్యులూ అంగీకరిస్తున్నారు.

బందోబస్తులో భోజనం వేళకు అందదు. ఆకలి వేసినప్పుడు లేక, లేనప్పుడు తినడాన్ని విషమాశనం అంటారు. దీనివలన జఠరాగ్ని నిలకడ కోల్పోతుంది.

మూడవది వేగధారణ. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలైన 13 సహజ వేగాలను ఆపరాదని చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం బోధిస్తున్నది. నాయకుల కాన్వాయ్ వెళ్లేవరకు నడిరోడ్డుపై నిలబడిన మనిషి వీటిలో ఎన్నింటిని ఆపుకొని ఉంటాడో లెక్కించండి.

అయితే ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. అహితమైన పని కూడా దీర్ఘకాలం చేయగా దేహానికి అలవడిపోతుంది. దీనిని ఓకసాత్మ్యం అంటారు. అలవడినదానిని ఒక్కసారిగా మానిపించినా దేహం ఎదురుతిరుగుతుంది. విశ్రాంతి దొరికిన వెంటనే నిద్ర పట్టకపోవడం, ఆకలి చెడడం, చిరాకు కలగడం ఇందువల్లనే.

విరమణ పొందిన ఒక సబ్ ఇన్‌స్పెక్టరు గారిని ఆయన భార్య నా వద్దకు తీసుకొచ్చారు. "రాత్రి పన్నెండయితే చాలు, లేచి వీధి తలుపు, పెరటి తలుపు చూసొస్తున్నారండి. ఫోను మోగకపోయినా మోగిందంటారు" అని ఆమె చెప్పారు. ఆయన మాత్రం "నాకేమీ లేదండీ, ఈవిడకే కంగారు" అన్నారు. నాడి చూడగా వాతం విషమించి ఉన్నది. దేహం ఇంకా గస్తీ తిరుగుతూనే ఉన్నది. ఆయనకు నిద్రమాత్ర కన్నా ముందుగా క్రమం అవసరం.

పాదాంశిక క్రమం

పాదం అంటే నాలుగో వంతు. చెడు అలవాటును నాలుగో వంతు విడిచి, ఆ స్థానంలో మంచిని నాలుగో వంతు చేర్చి, అది కుదిరిన తర్వాతనే మరో అడుగు వేయాలి. రోజుకు ఎనిమిది కప్పుల టీ తాగేవారు మొదటి వారం ఆరు, తర్వాత నాలుగు, ఆపై రెండు కప్పులకు రావలెను. మానిన కప్పు స్థానంలో జీలకర్ర వేసి కాచిన నీరుగాని, పలుచని మజ్జిగగాని తీసుకోవలెను. రాత్రి రెండింటికి నిద్రించే అలవాటున్నవారు వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుకొంటూ పదింటికి చేరుకోవలెను. నిద్ర ఎప్పుడు పట్టినా లేచే వేళ మాత్రం మార్చరాదు.

మద్యం విషయంలో ఒక హెచ్చరిక. ప్రతిదినం అధికంగా సేవించేవారు హఠాత్తుగా మానితే ప్రాణాపాయం కలుగవచ్చు. వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను.

నిద్రకు, కాళ్లకు

గోరువెచ్చని నువ్వుల నూనెను శిరస్సుకు, చెవుల వెనుక, అరికాళ్లకు మర్దన చేసుకొని, అరగంట తర్వాత వేడినీటి స్నానం చేయవలెను. జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు అభ్యంగనం కూడదు. రాత్రి పడుకొనే ముందు అరికాళ్లకు నూనె రాసుకుంటే చాలా మందికి సుఖంగా నిద్ర పడుతుంది. ఏళ్ల తరబడి నిలబడుటచే కాళ్ల సిరలు ఉబ్బినవారు గట్టిగా మర్దన చేయక, పైపైన మాత్రమే రాయవలెను. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుడితే మర్దన మాని వెంటనే వైద్యుని చూడవలెను.

ఒక చెంచా గసగసాలు నానబెట్టి మెత్తగా నూరి, పాలలో కాచి రాత్రి సేవించవచ్చు. మధుమేహం ఉన్నవారు చక్కెర కలపరాదు.

ఆహారం

నడక, నిలబడుట తగ్గినా, ముద్ద తగ్గదు. విరమణ తర్వాత తొలి సంవత్సరంలో పొట్ట, మధుమేహం పెరగడానికి ఇదే ముఖ్య కారణం. రాత్రి అన్నాన్ని నాలుగో వంతు తగ్గించి, ఆ స్థానంలో ఆనపకాయ, బీరకాయ వంటి కూరలు పెంచవలెను. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించవలెను. ఉదయం బీచ్ రోడ్డుకు పోనక్కరలేదు. వీధిలోనే అరగంట నడిచినా చాలు.

మూత్ర సంబంధం

చెంచా పల్లేరుకాయల చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో అర గ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి ఉదయం సేవిస్తే మూత్రమార్గానికి హితం. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. ధార సన్నబడినా, రక్తం కనిపించినా ఇంటివైద్యంతో కాలయాపన చేయక పరీక్ష చేయించుకోవలెను.

మళ్లీ రాత్రి కాపలాయా?

ఆడపిల్ల పెళ్లి, ఇంటి అప్పు కారణంగా విరమణ తర్వాత షెడ్లలో, గోదాములలో సెక్యూరిటీ పనిలో చేరేవారు ఉన్నారు. తప్పనిసరైతే పగటి షిఫ్టు కోరుకోవలెను. రాత్రి మేల్కొనక తప్పకపోతే, పోయిన నిద్రలో సగం కాలం ఉదయాన ఏమీ తినకముందే పడుకోవాలని శాస్త్రవచనం. టిఫిను తిని మధ్యాహ్నం దాకా పడుకొనే అలవాటు దీనికి పూర్తిగా విరుద్ధం. ఇంటివారు ఒకసారి కూర్చుని లెక్క వేసుకోండి. ఆ జీతంలో ఎంత మందులకు పోతుందో కూడా ఆ లెక్కలో రాయండి.

ఇంటివారికి

సహజ వేగాలను ఆపరాదన్న అధ్యాయమే కోపం, భయం, శోకం, లోభం వంటి మానసిక వేగాలను అదుపు చేయాలన్నది. స్టేషనులో పనికివచ్చిన గద్దింపు ఇంట్లో పనికిరాదు. అలాగే ఇంటివారు "ఖాళీగానే ఉన్నారుగా" అనే మాట అనవద్దు. ఆయన లేకుండా ముప్పై ఏళ్లు పండుగలు నడిపిన ఇల్లాలికి కూడా ఇది సంధికాలమే. రోజూ ఒక బాధ్యత, అది మనవణ్ణి బడికి దింపడమైనా సరే, ఆయనకు నిర్ణీత వేళకు అప్పగించండి. వేళ ఉన్నచోట వాతం శాంతిస్తుంది.

రక్తపోటు, మధుమేహం మందులు వాడుతున్నవారు పైవాటిని నమ్మి వాటిని మానరాదు. ఛాతీలో బరువు, ఎడమచేతికి లాగుడు, చెమటలు ఉంటే గ్యాస్ అనుకొని వాము నమలక, 108కి ఫోను చేయవలెను. దిగులు రెండు వారాలు దాటినా, బ్రతుకుపై విసుగు మాటలు వినిపించినా వెంటనే వైద్యుని వద్దకు తీసుకెళ్లవలెను. విరమణకు ఇంకా ఆరు నెలలున్నవారు, మొదటి పాదాన్ని నేటి రాత్రి నుండే ప్రారంభించవచ్చు.