ఎగతాళి ఎందుకంత గుచ్చుకుంటుంది?

ఏడాది పాప ముక్కుకు ఎర్రరంగు పూసి అద్దం ముందు కూర్చోబెడితే? లోపల ఇంకో పాప ఉందనుకుని నవ్వుతుంది. రెండేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలు తమ ముక్కునే తడుముకుంటారు. బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ 1972లో ప్రచురించిన పరిశోధన ఇది. ‘అది నేనే’ అని తెలిసే ఆ వయసులోనే సిగ్గుపడటమూ కనిపిస్తుంది.

టీనేజీలో ఈ ఎరుక పదునెక్కుతుంది. చిన్న మొటిమ వచ్చినా, గొంతు జీరపోయినా అందరూ తమనే చూస్తున్నారనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో దీన్ని ‘ఊహా ప్రేక్షకులు’ అన్నాడు. వెనక బెంచీలో ఎవరు కిసుక్కుమన్నా తమ గురించేనని అనుమానం!

నిజంగా అంతమంది గమనిస్తారా?

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ బృందం దీన్ని పరీక్షించింది. గాయకుడు బ్యారీ మానిలో బొమ్మ ఉన్న టీషర్టు వేయించి, ఒక్కో విద్యార్థిని తోటివాళ్లున్న గదిలోకి పంపింది. అది వేసుకోవడం ఆ విద్యార్థులకు నామోషీ. దాదాపు సగం మంది చూసి ఉంటారని వాళ్ల లెక్క. తీరా చూస్తే గమనించింది పావు వంతు మందే. ఈ ఫలితాలు 2000లో వెలువడ్డాయి.

వయసు పెరిగేకొద్దీ ఊహా ప్రేక్షకులు పలచబడతారు. తన బలాలూ లోపాలూ తెలిసిన కుర్రాడు ‘నీ చేతిరాత కోడి గీకుడు’ అని ఎవరైనా అంటే, అది చేతిరాత గురించిన మాటేనని, తన మొత్తం గురించి కాదని విడదీసి చూడగలడు. వెక్కిరించేవాడు పక్కవాళ్ల మెప్పు కోసం తంటాలు పడుతున్నాడనీ పసిగడతాడు.

అయితే రోజూ ఒకరినే పనిగట్టుకుని వేధిస్తే అది సరదా కాదు. అలాంటప్పుడు ఓర్చుకోనక్కర్లేదు, ఇంట్లోవాళ్లకో టీచరుకో చెప్పాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.