రేడియేటర్లో నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఒరే అబ్బాయ్, బండి కింద చుక్క పడటం లేదు, అయినా వారం తిరిగేసరికి లీటరు కూలెంట్ పోయాల్సి వస్తోందన్నావు. 3 లక్షల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ పికప్పు. మదనపల్లె మార్కెట్లో టమాటా ఎత్తుకుని చెన్నైకి పరిగెత్తే బండి. ఒక షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారట, ఇంకో షెడ్డులో రేడియేటర్లో పసుపు వెయ్యమన్నారట. ఇద్దరిదీ తొందరే. నీరు ఎక్కువ ఒత్తిడి ఉన్నచోటి నుంచి తక్కువ ఒత్తిడి ఉన్నచోటికి పోతుంది. ఇంజన్లో ఎక్కడ, ఏ వేళకి ఎంత ఒత్తిడి ఉంటుందో తెలిస్తే పోయిన నీటి దారి తెలుస్తుంది. దానికి హెడ్ దింపక్కర్లేదు, కాస్త ఓపికుంటే చాలు.

డీజిల్ కాలితే వచ్చే శక్తిలో సుమారు మూడోవంతే చక్రాలకు పనికొస్తుంది. ఇంకో మూడోవంతు పొగతో పోతుంది. మిగిలిన దాంట్లో చాలా భాగాన్ని మోసుకుపోయే పని ఈ కూలెంట్‌ది. అది మరగకుండా ఉండాలనే రేడియేటర్ మూతకి స్ప్రింగు పెట్టారు. మీ అమ్మ వాడే ప్రెషర్ కుక్కర్ బరువు చేసే పనే ఇదీ చేస్తుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది చూడు. గాలి ఒత్తిడి మీద అదనంగా అన్ని బార్లు అని అర్థం. ఆ ఒత్తిడిలో మామూలు నీరే 120 డిగ్రీల దగ్గరికి వెళ్తే గానీ మరగదు. వేడి మీద మూత తిప్పావంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, లోపలి నీరంతా ఆ క్షణమే మరుగుతుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల జాగా కావాలి. అది నీ మొహం మీదికే వస్తుంది.

అసలు ముందు, నిజంగా పోతోందా అని చూడాలి. 30 డిగ్రీల నీరు 90కి వేడెక్కితే నూటికి మూడు వంతులు ఉబ్బుతుంది, కూలెంట్ కలిస్తే ఇంకాస్త ఎక్కువే. ఎనిమిది లీటర్లు పట్టే బండిలో అది పావు లీటరు. సాయంత్రం వేడి మీద కూలెంట్ డబ్బాలో గీత చూసి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూసి ‘తగ్గింది’ అనుకునేవాళ్ళు చాలామంది. రోజూ పొద్దున్నే, బండి చదునుగా ఉన్నచోట, స్టార్ట్ చెయ్యకముందు చూడు. గీత పక్కన పెన్నుతో గుర్తు పెట్టుకో.

కింద చుక్క లేదంటే బయట లీకు లేదని కాదు. వేడి ఇనుము మీద పడిన చుక్క నేలకు దిగకముందే ఆరిపోతుంది. కానీ కూలెంట్‌లోని రంగూ మందులూ ఆరవు, తెల్లగానో పచ్చగానో పొక్కు కడతాయి. హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచున, వాటర్ బాడీకి, అంటే నీటి పంపుకి, అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర టార్చి వేసి వెతుకు. ఆ రంధ్రం పొరపాటున పడింది కాదు. లోపలి సీలు అరిగితే మనకు తెలియాలనే కంపెనీ పెట్టింది. కొన్ని హోసులు చల్లారాకే కారతాయి, రబ్బరు గట్టిపడి క్లిప్పు పట్టు వదులుతుంది కాబట్టి. అందుకే చేతి పంపు తెచ్చి, రేడియేటర్ నోట్లో బిగించి, మూత మీద రాసినంత ఒత్తిడి పెట్టి ముల్లు చూడమంటాను. చల్లని ఇంజన్ మీద పది నిమిషాల్లో ముల్లు దిగిపోతే లీకు ఉన్నట్టే. ఆ మూతనూ అదే పంపుతో పరీక్షించొచ్చు. మూత స్ప్రింగు అలిసిపోయినా డబ్బా పొంగి కూలెంట్ పోతుంది. కొత్త మూత ఖరీదు హెడ్ పని కూలి ముందు ఎంతని!

ఇక లోపలి దారులు. సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తే కూలెంటే అని తీర్పు చెప్పేస్తారు. ఇక్కడో లెక్కుంది. డీజిల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు లీటరు నీరు పుడుతుందంటే నమ్ముతావా? నీ బండి నూరు కిలోమీటర్లకు ఎనిమిది లీటర్లు తాగితే, ఎనిమిది లీటర్ల నీరు ఆవిరై సైలెన్సర్ గుండా పోతోందన్నమాట. దానికి నూరు మిల్లీలీటర్ల కూలెంట్ తోడైతే కంటికేం తెలుస్తుంది? చలికాలం పొద్దున కనిపించే తెల్లని ఆవిరి మామూలే. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తే అప్పుడు అనుమానించు. కళ్ళు మండితే అది కాలని డీజిల్, ఆ సంగతి వేరు.

హెడ్ గ్యాస్కెట్ సంగతి పొద్దున చల్లని ఇంజన్ చెబుతుంది. మూత తీసి, మళ్ళీ బిగించి, స్టార్ట్ చేసి, పై హోస్‌ని ఫ్యాను రెక్కలకు దూరంగా చేత్తో నొక్కి చూడు. నీరు వేడెక్కకముందే, రెండు నిమిషాల్లో అది రాయిలా గట్టిపడితే ఆ ఒత్తిడి వేడిది కాదు. సిలిండర్లో కాలేటప్పుడు పుట్టే నూరు బార్ల పైచిలుకు ఒత్తిడి నీళ్ళలోకి తోసుకొస్తోంది. షెడ్డుల్లో నీలం ద్రవంతో చేసే పరీక్ష కూడా దీనికే. రేడియేటర్ నోట్లో చేరిన గాలిని ఆ ద్రవం గుండా పంపుతారు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఆమ్లం పుట్టి నీలం రంగు మారుతుంది. డీజిల్ ఇంజన్ అవసరానికి మించి గాలి పీలుస్తుంది కాబట్టి ఐడిలింగ్‌లో ఆ వాయువు పలచగా ఉంటుంది. ఎత్తు ఎక్కించి తెచ్చిన వెంటనే పరీక్ష చెయ్యమను, లేకపోతే రంగు మారలేదని మోసపోతాం.

ఆయిల్ డిప్ స్టిక్ మీద లేత గోధుమ రంగు నురగ ఉందేమో చూడు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడికి రెండు మూడు రెట్లు. అందుకే ఆయిల్ కూలర్ చిల్లు పడితే నడిచేటప్పుడు ఆయిలే నీళ్ళలోకి వస్తుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నా అవుతుంది, నీరు మాత్రం వేడి మీద ఒత్తిడితోనే ఉంటుంది, అప్పుడు అది ఆయిల్లోకి పోతుంది.

నీ బండిలో ఆయిల్ శుభ్రంగా ఉంది, హోస్ పొద్దున మెత్తగా ఉంది, బయట పొక్కు లేదు అన్నావు. అయితే నా అనుమానం ఈజీఆర్ కూలర్ మీద. పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజన్‌కి పంపేముందు చల్లబరిచే సన్నని గొట్టాల పెట్టె అది. లోపల నాలుగైదు వందల డిగ్రీల పొగ, బయట తొంభై డిగ్రీల నీరు. లక్షల కిలోమీటర్లు అలా వేడెక్కి చల్లారిన గొట్టాలు చిట్లుతాయి. లోడు మీద పొగ ఒత్తిడి పెరిగితే పొగ నీళ్ళలోకి దూరి బుడగలు తెస్తుంది, గ్యాస్కెట్ పోయినట్టే నాటకమాడుతుంది. ఇంజన్ ఆపాక నీరు పొగ గొట్టంలోకి జారుతుంది.

పసుపు మాట. ఆ పొడి చిన్న చిల్లులో ఇరుక్కుని కాసేపు ఆపుతుంది, కాదనను. కానీ చిల్లు ఏదో, రేడియేటర్ సన్న గొట్టం ఏదో దానికి తెలియదు. రోడ్డు మీద గతిలేనప్పుడు సరే. బోరు నీళ్ళు మాత్రం వద్దు, ఆ సున్నం లోపల పేరుకుని వేడిని దాటనివ్వదు. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం కలిపి పొయ్యి. తీసిన పాత కూలెంట్‌ని పళ్ళెంలో వదిలెయ్యకు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, మూత్రపిండాలు పోయి చస్తాయి.

రేపు షెడ్డుకి వెళ్ళినప్పుడు ముందు మూత, తర్వాత ఈజీఆర్ కూలర్ విప్పించి ఒత్తిడి పరీక్ష చేయించు. ఆ రెండూ బాగున్నాయని నీ కళ్ళతో చూశాకే హెడ్ మీద స్పానర్ పెట్టనియ్యి.